రోజు రేటు చెప్పే ముందు, రోజంటే ఎన్ని గంటలో రాసుకోండి

తాపీ మేస్త్రీని పనికి పిలిచినప్పుడు రోజుకూలి ఎంత అని అడుగుతాం కానీ, రోజంటే ఏమిటని అడగం. పొద్దున ఎన్నింటికి వస్తాడో, మధ్యాహ్నం అన్నానికి ఎంతసేపు దిగుతాడో, సాయంత్రం ఏ వేళకి పనిముట్లు కడుగుతాడో ఊరంతటికీ తెలుసు. మధ్యాహ్నం దాకా చేస్తే పూట కూలి. గోడ మొత్తానికి ఇంత అని మాట్లాడుకుంటే గుత్త. ఇక్కడ ఎవరికీ సందేహం ఉండదు.

ఇంట్లో కూర్చుని కంపెనీలకు కాంట్రాక్టు మీద సాఫ్ట్‌వేర్ పని చేసేవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఈ లెక్క చెదిరిపోతోంది. రోజుకు 10,000 రూపాయలని ఒప్పుకుంటారు. అది ఎనిమిది గంటలకో పదకొండు గంటలకో కాగితం మీద ఎక్కడా ఉండదు. రెండు నెలలు తిరిగేసరికి రోజు రేటు తీసుకుంటూ గుత్త పని చేస్తుంటారు: ఎన్ని గంటలైనా సరే, ఆ ఫీచర్ శుక్రవారానికి వెళ్ళాలి. పదకొండు గంటల రోజుకు 10,000 అంటే ఎనిమిది గంటల లెక్కన 7,273. బేరంలో వెయ్యి తగ్గించమంటే గట్టిగా కాదంటారు, ఇలా 2,700 పోతుంటే మాత్రం గమనించరు. అందుకే అంకె కంటే ముందు రోజుకు నిర్వచనం కావాలి. అయితే ఆ అంకె ఎలా పుట్టాలో తెలియకపోతే నిర్వచనం కూడా నిలబడదు కాబట్టి, ముందు లెక్క చూద్దాం.

అంకె ఎక్కడి నుంచి వస్తుంది

ఏడాదికి 18 లక్షల సీటీసీ (జీతంతో సహా కంపెనీ ఉద్యోగి మీద పెట్టే మొత్తం ఖర్చు) ఉన్న ఉద్యోగం వదిలి, అమెరికా క్లయింట్ల కోసం హైదరాబాద్ నుంచి కాంట్రాక్టు చేయాలనుకుంటున్న వ్యక్తిని తీసుకుందాం. 18 లక్షల్ని 365తో భాగిస్తే 4,931 వస్తుంది. చాలామంది మొదటి రేటు ఇక్కడే పుడుతుంది: "5,000 అడుగుదాం". శని, ఆదివారాలు తీసేసి 261తో భాగించినవాళ్ళు 6,900 అంటారు. రెండూ నష్టపు రేట్లే, ఎందుకంటే ఆ 261 రోజులూ అమ్ముడుపోవు.

ఏవి పోతాయో చూడండి. అమెరికాలో ఫెడరల్ సెలవులు 11. ప్రైవేటు కంపెనీలన్నీ ఆ పదకొండూ పాటించవు కానీ, ఆఫీసు మూసిన రోజు బిల్లు ఉండదు కాబట్టి జాగ్రత్తకి మొత్తం తీసేయండి. మన సంక్రాంతి, ఉగాది, దసరా, దీపావళి లాంటివి వాళ్ళకి పనిరోజులే, మనకి కావు. వాటికి 8 వేసుకోండి. ఉద్యోగి ఒకే సెలవుల పట్టికతో బతుకుతాడు, విదేశీ క్లయింట్ ఉన్న కాంట్రాక్టర్‌కి రెండు పట్టికలూ కోత పెడతాయి. లెక్క వేసేటప్పుడు చాలామంది వదిలేసేది ఇదే. సొంత సెలవులు 12, ఒంట్లో బాగోనివి 6. డిసెంబర్ చివరి వారంలో చాలా కంపెనీలు పని ఆపేస్తాయి, దానికి ఇంకో 4. ఒక కాంట్రాక్టు అయిపోయి ఇంకోటి మొదలయ్యే మధ్య ఖాళీకి ఏడాదికి ఐదు వారాలు, అంటే 25. ఇన్‌వాయిస్‌లు, కొత్త క్లయింట్లతో మాటలు, ఎస్టిమేట్లు, ఇంటర్వ్యూలు, కొత్తవి నేర్చుకోవడం, వీటికి నెలకి రెండు రోజుల చొప్పున 24. అన్నీ తీసేస్తే మిగిలేవి 171. లెక్కకి 170 అనుకుందాం.

ఇప్పుడు ఇంతకుముందు కంపెనీ మోసిన ఖర్చులు. కుటుంబానికి ఆరోగ్య బీమా 35,000. లక్షా ఇరవై వేల ల్యాప్‌టాప్ మూడేళ్ళు వస్తుందనుకుంటే ఏడాదికి 40,000. రెండు వేర్వేరు కంపెనీల ఇంటర్నెట్ కనెక్షన్లు 24,000. ఒక్కటే పెట్టుకుంటే కాల్ మధ్యలో తెగిన రోజు పోయేది డబ్బు కాదు, నమ్మకం. ఇన్వర్టర్ బ్యాటరీ వంతు 10,000. సాఫ్ట్‌వేర్ చందాలు 40,000. సీఏ ఫీజు 30,000. నెలకి 8,000 చొప్పున కోవర్కింగ్ సీటు 96,000. మొత్తం 2,75,000. మీ ఇంట్లో ఈ అంకెలు వేరుగా ఉంటాయి, మీవి మీరు వేసుకోండి. పీఎఫ్‌లో యజమాని వాటా, గ్రాట్యుటీ ఆ 18 లక్షల సీటీసీలోనే కలిసి ఉన్నాయి కాబట్టి మళ్ళీ కలపక్కర్లేదు. కాకపోతే ఇప్పుడు ఆ మొత్తాన్ని మీ అంతట మీరే పక్కన పెట్టాలి.

18,00,000కి 2,75,000 కలిపితే 20,75,000. దాన్ని 170తో భాగిస్తే 12,206. ఆలస్యంగా వచ్చే డబ్బుకి, ఎప్పుడో ఒకసారి ఎగ్గొట్టే బిల్లుకి 5 శాతం కలిపితే 12,816. సర్దితే 13,000. ఇది అడుగు రేటు, అంటే కనీస రేటు. దీనికంటే కిందికి దిగితే ఆ ఉద్యోగంలోనే ఉండటం నయం. క్లయింట్‌కి మొదట చెప్పేది 15,000 అయితేనే బేరం జరిగాక కూడా అడుగు మిగులుతుంది.

గంటల రేటు అడిగినప్పుడు 13,000ని 8తో భాగించి 1,625 అని చెప్పకండి. గంటల మీద పని ఇచ్చే క్లయింట్ ఎనిమిది గంటలూ వరసగా ఇవ్వడు. పొద్దున రెండు, మధ్యాహ్నం ఒకటి, రాత్రి మూడు అంటాడు. మధ్యలో మిగిలిన ముక్కల్ని ఇంకొకరికి అమ్మలేం. 6.5తో భాగించండి, 2,000 వస్తుంది.

రోజు అంటే

1988 నాటి ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం (తెలంగాణలోనూ అదే) మొదట్లో ఉద్యోగికి రోజుకు ఎనిమిది, వారానికి నలభై ఎనిమిది గంటల కొలత పెట్టింది. ఆ చట్టం ఉద్యోగులది. కాంట్రాక్టర్‌కి ఒప్పంద పత్రమే చట్టం. అందులో లేని గంట అడిగేవాడి దయ మీద ఉంటుంది.

రోజంటే భోజన విరామం కాకుండా ఎనిమిది గంటల పని అని రాయండి. నాలుగు గంటల లోపు చేస్తే పూట, అంటే సగం రేటు. నాలుగు దాటితే పూర్తి రోజు. తొమ్మిదో గంట నుంచి, రోజు రేటులో ఎనిమిదో వంతుకి ఒకటిన్నర రెట్లు, అదీ ముందుగా ఈమెయిల్‌లో అనుమతి ఉంటేనే. ఈ చివరి షరతు క్లయింట్ కోసం మాత్రమే అనిపిస్తుంది కానీ నిజానికి అది మనల్నీ కాపాడుతుంది: అనుమతి అడిగే అలవాటు ఉన్నచోట "ఇంకో రెండు గంటలు చూసెయ్యండి" అనే మాట తగ్గుతుంది. ఇవాళ పది చేశాం, రేపు ఆరు చేస్తే సరిపోతుందనే సర్దుబాటు మాత్రం పెట్టుకోవద్దు. మేనేజర్‌కి పది గంటల రోజు గుర్తుండదు, నాలుగింటికే వెళ్ళిపోయిన రోజు గుర్తుంటుంది. అలాంటి వెసులుబాటు నిజంగా కావాలంటే రోజు రేటు బదులు వారానికి నలభై గంటలని రాసుకోండి.

ఏది పని కిందికి వస్తుందో కూడా పేరు పేరునా చెప్పాలి. కాల్స్ పనే. క్లయింట్ తప్పనిసరి చేసిన సెక్యూరిటీ ట్రైనింగ్ పనే. ఎక్కువ గొడవ వచ్చేది మొదటి వారంలో. సోమవారం మొదలుపెట్టమంటారు, కంపెనీ నెట్‌వర్క్‌లోకి వెళ్ళే వీపీఎన్ గురువారం వస్తుంది, కోడ్ రిపోజిటరీకి అనుమతి శుక్రవారం సాయంత్రం వస్తుంది. ఇన్‌వాయిస్ వెళ్ళాక ఆ ఐదు రోజులూ ఏం చేశారని అకౌంట్స్ వాళ్ళు అడుగుతారు. "ఒప్పుకున్న తేదీ నుంచి కాంట్రాక్టర్ అందుబాటులో ఉండి, క్లయింట్ యాక్సెస్ ఇవ్వని కారణంగా పని సాగకపోతే ఆ రోజులు బిల్లు అవుతాయి" అనే ఒక్క వాక్యం ముందే ఉంటే ఆ ప్రశ్న రాదు. అది లేని ఒప్పందం మీద సంతకం పెట్టకపోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం.

శనివారం రాత్రి సర్వర్ పడిపోయి ఇరవై నిమిషాల కాల్ వస్తే? ఇరవై నిమిషాలకు బిల్లు వేస్తే మీ శనివారం ఖరీదు 700 అవుతుంది. పని వేళల బయట పిలిస్తే కనీసం రెండు గంటల బిల్లు అని పెట్టండి. ఫోన్ దగ్గర పెట్టుకుని, అరగంటలో ల్యాప్‌టాప్ తెరవగలిగే దూరంలో ఉండమంటే అది స్టాండ్‌బై. ఆ రోజు మీరు పెళ్ళికి వెళ్ళలేరు, సినిమాకీ వెళ్ళలేరు. దానికి రోజు రేటులో నాలుగో వంతు అడగడం న్యాయం. పని నిజంగా వస్తే ఆ గంటల డబ్బు దానికి అదనం.

టైమ్‌షీట్ పావుగంట ముక్కల్లో, టికెట్ నంబర్‌తో, ఏ రోజుది ఆ రోజే రాయాలి. శుక్రవారం పంపండి. మూడు పనిరోజుల్లో అభ్యంతరం రాకపోతే ఆమోదించినట్టే అని ఒప్పందంలో ఉండాలి. లేకపోతే ఆమోదించాల్సిన మనిషి సెలవు మీద ఉన్న కారణానికే ఇన్‌వాయిస్ రెండు వారాలు ఆగుతుంది.

గడియారం తిప్పే దేశాలతో

మనది ఏడాది పొడుగునా ఒకటే కాలమానం. అమెరికా మార్చి రెండో ఆదివారం గడియారం ముందుకు జరిపి, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి తెస్తుంది. బ్రిటన్ మార్చి చివరి ఆదివారం ముందుకి, అక్టోబర్ చివరి ఆదివారం వెనక్కి. న్యూయార్క్ ఉదయం 9 గంటల కాల్ వాళ్ళ ఎండాకాలంలో మనకి సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. కాలిఫోర్నియా 9 గంటలంటే రాత్రి 9:30, చలికాలంలో 10:30. లండన్ 9 గంటలు మధ్యాహ్నం 1:30, తర్వాత 2:30. న్యూయార్క్, లండన్ రెండు చోట్లా క్లయింట్లు ఉంటే మార్చిలో రెండు మూడు వారాలు, అక్టోబర్ ఆఖర్న ఒక వారం కాల్స్ ఒకదాని మీద ఒకటి పడతాయి, ఎందుకంటే రెండు దేశాలూ ఒకే రోజు జరపవు. ఆ తేదీల్ని ఏడాది మొదట్లోనే క్యాలెండర్‌లో పెట్టేసుకోండి.

"క్లయింట్ పనివేళలకు అనుగుణంగా" అని ఒప్పందంలో కనపడితే అక్కడే ఆగండి. కాలిఫోర్నియా క్లయింట్ అయితే అది రాత్రి 9:30 నుంచి తెల్లవారి 5:30 దాకా. దాని బదులు రోజూ ఉమ్మడిగా ఉండే సమయం ఇంత అని రాయాలి: న్యూయార్క్ అయితే నాలుగు గంటలు, కాలిఫోర్నియా అయితే రెండు. ఆ వేళల్ని భారత కాలమానంలో, రెండు సీజన్లకీ విడివిడిగా రాయండి. మిగతా గంటలు మన పగటిపూట.

ఇంకో చిక్కు ఉంది. మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా, మళ్ళీ రాత్రి 7 నుంచి 11 దాకా చేస్తే మొత్తం ఎనిమిదే. కానీ మధ్యాహ్నం మొదలైన రోజు రాత్రి పదకొండింటికి గానీ ముగియలేదు, పిల్లల్ని స్కూలు నుంచి తెచ్చే వేళ మాత్రమే మధ్యలో మిగిలింది. అందుకని మొదటి పని నిమిషం నుంచి చివరి పని నిమిషం దాకా పది గంటలకు మించకూడదని ఒక హద్దు పెట్టుకోండి. మించితే అదనపు రేటు. రాత్రి 10 తర్వాత గంటలకు 25 శాతం ఎక్కువ అడిగితే, నిజంగా అవసరమైన కాల్స్ మాత్రమే ఆ వేళకి మిగులుతాయి.

నెల లెక్కలో దాగిన రోజు

బ్రిటన్ క్లయింట్లు రోజు రేటు మాట్లాడతారు, అమెరికావాళ్ళు గంట రేటు, మన కంపెనీలు నెల. ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చేటప్పుడే డబ్బు జారిపోతుంది. నెలకి 2,40,000 అనుకున్నారు, ఆ నెల పనిరోజులు 20, మీరు రెండు రోజులు రాలేదు. క్యాలెండర్ రోజుల మీద కోస్తే రోజుకి 8,000, మొత్తం 16,000. పనిరోజుల మీద కోస్తే రోజుకి 12,000, మొత్తం 24,000. కొన్ని కంపెనీలు ఏ నెలైనా 22 రోజులని ఖాయం చేస్తాయి. అప్పుడు పనిరోజులు 20 ఉన్న ఫిబ్రవరిలో ఒక్క రోజు కూడా మానకపోయినా "రెండు రోజులు తక్కువ" అని కోసిన సందర్భాలు ఉంటాయి. భాగించే అంకె ఏదో రాయించుకోవాలి. మీరు మానిన రోజుకి ఏ అంకెతో కోస్తారో, శనివారం అదనంగా పిలిచిన రోజుకి కూడా అదే అంకెతో ఇవ్వాలి. నెల రేటు ఇస్తూనే రోజుకి పదకొండు గంటలు అడిగితే అది ఉద్యోగమే, పీఎఫ్ లేని ఉద్యోగం.

పన్నులూ, చేతికొచ్చే తేదీ

2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి సెక్షన్ నంబర్లు మారాయి కానీ, అందరి నోట్లో నలిగిన పాత నంబర్లతోనే చెబుతాను. 44ఏడీఏ కింద ఐటీ వృత్తిలో ఉన్నవారు వచ్చిన మొత్తంలో సగాన్ని ఆదాయంగా చూపొచ్చు. వచ్చేది 50 లక్షల దాకా, నగదు 5 శాతం మించకపోతే 75 లక్షల దాకా ఈ వీలుంది. మన ఉదాహరణలో 13,000 చొప్పున 170 రోజులకు 22,10,000. అందులో సగం 11,05,000. కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా రిబేటు ఉంది కాబట్టి, వేరే ఆదాయం లేకపోతే పన్ను సున్నా. ఈ లాభం తెలిసిన క్లయింట్ "మీకు పన్ను లేదుగా, తగ్గించండి" అంటాడు. తగ్గించకండి. అది కాంట్రాక్టుల మధ్య ఖాళీ రోజుల్ని, లేని గ్రాట్యుటీని మోసే డబ్బు.

భారతీయ క్లయింట్ అయితే 194జే కింద 10 శాతం టీడీఎస్ (మీ పేరున ముందే ప్రభుత్వానికి కట్టే పన్ను) కోస్తాడు. మొత్తం ఏడాదిలో 2,21,000, అంటే నెలకి 18,000 పైచిలుకు, రిటర్న్ వేసి రీఫండ్ వచ్చేదాకా మీ చేతిలో ఉండదు. ఇంటి ఈఎంఐ చూసుకునేటప్పుడు ఇది లెక్కలోకి తీసుకోవాలి. పన్ను కట్టాల్సి వచ్చే స్థాయిలో ఉంటే 44ఏడీఏవాళ్ళకి అడ్వాన్స్ ట్యాక్స్ ఒకే వాయిదా, మార్చి 15 లోపు.

సేవల మీద ఏడాదికి వచ్చేది 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పనిసరి. మన 22,10,000 ఆ గీత దాటింది. విదేశాల నుంచి వచ్చిన డబ్బు కూడా ఆ 20 లక్షల లెక్కలోకే వస్తుంది, ఇది తెలియక ఇరుక్కునేవాళ్ళు చాలామంది. ఎగుమతి మీద పన్ను సున్నా, కానీ ఎల్‌యూటీ (పన్ను కట్టకుండా ఎగుమతి చేసేందుకు ఇచ్చే హామీపత్రం) ప్రతి ఆర్థిక సంవత్సరానికీ కొత్తగా వేయాలి. దేశంలో క్లయింట్‌కైతే 18 శాతం. కొటేషన్‌లో "జీఎస్టీ అదనం" అని లేకపోతే 13,000లోనే పన్ను ఉందని వాదిస్తారు, అప్పుడు మీకు మిగిలేది 11,017. నెలనెలా రిటర్న్ వేసేవాళ్ళు తర్వాతి నెల 20లోపు ఆ పన్ను కట్టాలి, క్లయింట్ డబ్బు ఇచ్చినా ఇవ్వకపోయినా. ఇన్‌వాయిస్‌లో జీఎస్టీని విడిగా చూపిస్తే టీడీఎస్ అసలు మొత్తం మీదే కోయాలి. చూపకపోతే పన్ను మీద కూడా కోస్తారు.

డబ్బు ఆలస్యం చేసే భారతీయ కంపెనీల విషయంలో మన చేతిలో ఒక మంచి ఆయుధం ఉంది. ఉద్యమ్ (చిన్న సంస్థలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు) నమోదు ఉచితం, ఆధార్‌తో ఆన్‌లైన్‌లో అవుతుంది. పని మొదలుపెట్టక ముందే చేసుకుని, ఆ నంబర్ ఇన్‌వాయిస్ మీద వేయండి. చిన్న సంస్థల కోసం వచ్చిన 2006 ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజుల లోపు ఇవ్వాలి, లేకపోతే 15 రోజుల లోపు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకి మూడు రెట్ల చక్రవడ్డీ. "మా పాలసీ 90 రోజులు" అన్న మాట ఈ చట్టం ముందు చెల్లదు. పైగా ఆదాయపు పన్ను సెక్షన్ 43బీ(హెచ్) వల్ల ఆ గడువు దాటితే, నిజంగా చెల్లించిన ఏడాదిలో మాత్రమే ఆ ఖర్చుని కంపెనీ తన పన్ను లెక్కలో చూపుకోగలదు. అందుకే మార్చి నెలలో అకౌంట్స్ వాళ్ళకి ఈ సెక్షన్ గుర్తుచేస్తూ మర్యాదగా రాసిన ఈమెయిల్‌కి జవాబు త్వరగా వస్తుంది.

విదేశీ చెల్లింపులకి ఈ రక్షణ లేదు. అక్కడ నెలకి రెండుసార్లు ఇన్‌వాయిస్, ఇచ్చిన 15 రోజుల్లో చెల్లింపు, కొత్త క్లయింట్ అయితే మొదటి పది రోజులకి అడ్వాన్స్. అప్పుడు ఏ క్షణంలోనైనా మునిగేది ఒక నెల కంటే ఎక్కువ ఉండదు. డాలర్లు వచ్చినప్పుడు పర్పస్ కోడ్ (డబ్బు ఏ పనికి వచ్చిందో బ్యాంకు వేసే గుర్తు) సరిగ్గా పడిందో లేదో చూసుకోండి. సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీకి పీ0802. విదేశాల నుంచి డబ్బు వచ్చిందని బ్యాంకు ఇచ్చే ఎఫ్ఐఆర్ఏ పత్రాల్ని ఇన్‌వాయిస్ నంబర్ల వారీగా దాచండి, జీఎస్టీ అధికారి ఎగుమతికి రుజువు అడిగితే చూపాల్సింది అవే. అమెరికా క్లయింట్ డబ్ల్యూ-8బెన్ ఫారం అడిగితే భయపడక్కర్లేదు. మీరు అమెరికా పౌరులు కారని, అక్కడి నివాసి కారని చెప్పే పత్రం అది. పని ఇక్కడే కూర్చుని చేస్తే అక్కడ పన్ను కోయాల్సిన పని లేదు.

లండన్‌లో ఉండి కాంట్రాక్టు చేసే మనవాళ్ళకి లెక్క వేరు. 2021 ఏప్రిల్ నుంచి మధ్యతరహా, పెద్ద కంపెనీల్లో ఐఆర్35 (కాంట్రాక్టర్‌ని పన్ను లెక్కకి ఉద్యోగిలా చూడాలా అని చెప్పే బ్రిటన్ నిబంధన) హోదాని క్లయింటే తేలుస్తాడు. ఐఆర్35 లోపల అని తేలి, అంబ్రెల్లా కంపెనీ (కాంట్రాక్టర్‌కి జీతం ఇచ్చే మధ్యవర్తి సంస్థ) ద్వారా వెళ్తే యజమాని కట్టాల్సిన నేషనల్ ఇన్సూరెన్స్ (అక్కడి సామాజిక భద్రత చందా) 15 శాతం కూడా మీ రోజు రేటులోంచే పోతుంది. లోపల 500 పౌండ్లు, బయట 500 పౌండ్లు ఒకటి కావు. రేటు అడిగే ముందు హోదా అడగండి.

రేటు పెంచే సంగతి ఒప్పందం రెన్యూవల్‌కి నెల ముందు, ఈమెయిల్‌లో ఎత్తండి, కొత్త రేటు అమలయ్యే తేదీతో సహా. పెంచలేమంటే రేటు అలాగే ఉంచి రోజుని తగ్గించమని అడగొచ్చు: ఎనిమిది బదులు ఏడున్నర గంటలు, లేదా వారానికి నాలుగు రోజులు. 13,000కి ఏడున్నర గంటలంటే గంటకి 1,733, అంటే 6.7 శాతం పెంపు. బడ్జెట్ దాటకుండా ఒప్పుకోగలిగే మాట కాబట్టి చాలా మేనేజర్లు దీనికి సరేనంటారు. సరేనన్నాక ఆ ఏడున్నరని కూడా ఒప్పందంలో దిద్దించండి.